30 ఆటల పెట్టె, 620 ఆటల పెట్టె

పాతకాలపు వీడియో గేమ్‌లను నేరుగా టీవీకి తగిలించి ఆడుకునే చిన్న పెట్టెలు ఇప్పుడు ఏ ఆన్‌లైన్ దుకాణంలో వెతికినా దొరుకుతున్నాయి. కొనబోయేవారి కన్ను మొట్టమొదట పడేది అట్టపెట్టె మీది అంకె మీదే. ఒకదాని మీద 620 ఆటలని ఉంటుంది, మరొకదాని మీద 821 అని ఉంటుంది, టీవీ వెనక గుచ్చే పుల్లలాంటి రకం మీదనైతే 10,000 అని కూడా కనబడుతుంది. నింటెండో కంపెనీ 2016లో తన పాత యంత్రానికి తానే చేసిన బుల్లి రూపంలో మాత్రం ఉన్నవి 30 ఆటలే, ధర చూస్తే వీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. లెక్క ప్రకారం పోయేవారెవరైనా మొదటి రకమే కొంటారు. అయితే 1990లలో మన ఊళ్లలో టీవీ గేమ్ ఆడుతూ పెరిగినవారికి ఈ అంకెల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే మా చేతుల్లో పడ్డ మొదటి క్యాసెట్ మీదే 99,99,999 ఆటలని అచ్చువేసి ఉండేది.

ఆ క్యాసెట్ పెట్టి స్విచ్ వేస్తే ముందుగా ఒక సముద్రం, దాని మీద ఎగిరే పక్షులు, వెనక నెమ్మదిగా సాగే ఒక బాణీ, వాటి మధ్య ఆటల పట్టీ కనబడేవి. బటన్ నొక్కుతున్న కొద్దీ పేజీలకు పేజీలు జరిగేవే తప్ప పట్టీ తరిగేది కాదు. కాస్త ఓపికగా ఒక్కొక్కటే తెరిచి చూస్తే అసలు ఉన్నవి చేతి వేళ్లకు సరిపోయేన్ని ఆటలేనని తేలేది. మెనూ నడిపే చిన్న ప్రోగ్రామ్ ఆటను మొదలుపెట్టే ముందు లెవెల్ సంఖ్యనో, లైఫుల సంఖ్యనో మార్చి వదిలేది కాబట్టి, అదే మారియో ఒకచోట మొదటి లెవెల్‌లో, ఇంకోచోట నడిమి లెవెల్‌లో, మరోచోట నీళ్లలో ఈదుతూ ప్రత్యక్షమయ్యేవాడు, ప్రతిసారీ కొత్త పేరుతో. మా పిన్ని కొడుకు ఆ పట్టీ చివర ఏముందో తేల్చాలని ఒక వేసవి మధ్యాహ్నమంతా బొటనవేలు నొప్పెట్టేదాకా బటన్ నొక్కుతూ కూర్చున్నాడు. వాడు విసిగి ఆగిన చోట తెరిచి చూస్తే వచ్చింది ట్యాంకుల ఆట.

ఆ యంత్రం తెనాలిలో మా పిన్ని వాళ్లింటికి మద్రాసు బర్మా బజారు నుంచి వచ్చింది. బాబాయి ఏదో పని మీద వెళ్లి, తిరుగు రైలుకు ముందు మిగిలిన కాస్త సమయంలో బేరమాడి కొనుక్కొచ్చారు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. మన దేశంలో సమురాయ్ అనీ, మీడియా అనీ పేర్లున్న యంత్రాలు కూడా అమ్మేవారు గానీ, చుట్టుపక్కల ఇళ్లలో ఎక్కువగా కనబడినవి ఇలాంటి పేరులేనివే. ఇవన్నీ ఒకే తల్లి పిల్లలని నాకు చాలా ఏళ్ల తరువాత గానీ తెలియలేదు. నింటెండో 1983 జులై 15న జపాన్‌లో 14,800 యెన్లకు విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రం, 1985లో అమెరికాకు ఎన్ఈఎస్ అనే పేరుతో వెళ్లింది. దాని లోపలి చిప్‌లకు తైవాన్‌లో నకళ్లు తయారయ్యాయి, ఆ నకళ్లతో ఆసియాలో, తూర్పు ఐరోపాలో, దక్షిణ అమెరికాలో లెక్కలేనన్ని పేర్లతో యంత్రాలు పుట్టుకొచ్చాయి. కాబట్టి మనం నింటెండో ఆటలు ఆడుతూ పెరిగామన్నది నిజమే గానీ, మనలో చాలామంది చిన్నప్పుడు నింటెండో అన్న పేరును ఆటల మొదట్లో వచ్చే అక్షరాల్లో తప్ప ఇంకెక్కడా చూసి ఉండరు.

దాన్ని టీవీకి తగిలించడమే ఒక పూజ తతంగం. యాంటెన్నా తీగ పీకి, ఆ చోట గేమ్ తీగ గుచ్చి, ఖాళీగా ఉన్న ఛానల్ ఒకటి తీసుకుని, చిన్న చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే ముందు చీమలు, తరువాత వంకర గీతలు, చివరికి బొమ్మ వచ్చేవి. బొమ్మ వచ్చినప్పుడు రంగులు ఉండేవి కావు, రంగులు వచ్చినప్పుడు శబ్దం ఉండేది కాదు. మూడూ కుదిరిన చోట ఎవరూ ఆ చక్రాన్ని తాకకూడదని శాసనం. యంత్రానికి కరెంటునిచ్చే ఎలిమినేటర్ గంటసేపటికి పెనంలా కాలేది, అప్పుడు కాసేపు విరామం తప్పనిసరి. అన్నిటికీ మించి పిన్ని అత్తగారు, అంటే మాకు వరసకు నాయనమ్మ, "పిక్చర్ ట్యూబు పోతుందిరా నాయనా, ఇక ఆపండి" అని వాకిట్లోంచే హెచ్చరిస్తూ ఉండేది. ఆవిడ మాటను ఆ రోజుల్లో మేము ఆట మాన్పించే ఎత్తుగా తీసిపారేశాము. కానీ మరీ కొట్టిపారేయదగినది కాదు, ఎందుకంటే కదలని బొమ్మ ఒకే చోట చాలాసేపు నిలిచిపోతే పాత పిక్చర్ ట్యూబు లోపలి పూతమీద ఆ ముద్ర పడిపోయే అవకాశం నిజంగానే ఉండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పటి బుల్లి పెట్టెల మొదటి గుణం ఈ తతంగాన్ని తీసేయడమే. నింటెండో వారి 30 ఆటల బుల్లి యంత్రం, ఎన్ఈఎస్ క్లాసిక్ పెట్టెకు ఒక హెచ్‌డీఎంఐ తీగ, ఒక మామూలు మైక్రో యూఎస్‌బీ తీగ చాలు. అమెరికా నుంచి తెప్పించుకున్న పరికరమైతే 110 వోల్టుల గొడవ ఉంటుందని మనవాళ్లు భయపడతారు గానీ, ఇది ఫోను ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులతోనే నడుస్తుంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు. వెనకటి లాగా అమెరికా టీవీ పద్ధతి వేరు, మన టీవీ పద్ధతి వేరు అన్న చిక్కు కూడా హెచ్‌డీఎంఐతో పోయింది. స్విచ్ నొక్కిన కొన్ని క్షణాల్లో ఆటల పట్టీ తెర మీద ఉంటుంది. ఖాతా తెరవమనదు, పాస్‌వర్డ్ అడగదు, అప్‌డేట్ అంటూ అరగంట కూర్చోబెట్టదు, నడుమ ప్రకటన రాదు, వజ్రాలు కొనుక్కోమని పిల్లలను ఊరించదు. ఫోనులో ఆటలాడే ఇంటి పిల్లలను చూశాక ఈ చివరి రెండింటి విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది.

మా పెద్దనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. 2016 నవంబరులో ఎన్ఈఎస్ క్లాసిక్ విడుదలైనప్పుడు 60 డాలర్ల వస్తువు కోసం అక్కడ జనం దుకాణాల ముందు తెల్లవారుజామున వరసలు కట్టారనీ, తనకు దొరకలేదనీ ఫోనులో చెబితే నేను నమ్మలేదు. 2017 ఏప్రిల్‌లో తయారీ ఆపేసేనాటికి ప్రపంచమంతా కలిపి 23 లక్షలు అమ్ముడయ్యాయి, అయినా దొరకనివారే ఎక్కువ. మళ్లీ 2018 జూన్ చివర్లో విడుదల చేసినప్పుడు అన్నయ్య ఒకటి సంపాదించి, మరుసటి ఏడు సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. కనుమ దాటి, పిండివంటల డబ్బాలు సగం ఖాళీ అయి, ఇంకా ఎవరూ తిరుగు ప్రయాణం కట్టని ఆ రెండు రోజుల్లో, యాభైకి దగ్గరపడుతున్న మగవాళ్లందరమూ నేల మీద కూర్చుని దాన్ని ఆడాము.

నేల మీద కూర్చోవడం సరదాకు కాదు. ఆ పెట్టెకిచ్చిన, ఆటాడే రిమోట్ తీగ పొడవు మూడడుగులు కూడా లేదు. మా పాత నకలు యంత్రం తీగే దానికన్నా నయం. ఇంత పేరున్న కంపెనీ ఈ ఒక్క విషయంలో ఎందుకు పిసినారితనం చూపిందో నాకిప్పటికీ అర్థం కాదు. పైగా ఆట మధ్యలో పట్టీకి తిరిగి వెళ్లాలంటే రిమోట్‌లో బటన్ లేదు, లేచి వెళ్లి పెట్టె మీది రీసెట్ నొక్కాలి. 2017లో వచ్చిన, అదే కంపెనీ తరువాతి యంత్రానికి బుల్లి రూపమైన సూపర్ నింటెండో పెట్టెలో తీగను అయిదడుగుల దాకా పెంచారు గానీ, రీసెట్ బటన్ కోసం లేవడం మాత్రం తప్పలేదు.

ఆ లోపాలను మరిపించింది రిమోటే. చిన్న చదరపు ముక్క, ఎడమవైపు కూడిక గుర్తు, కుడివైపు రెండు బటన్లు. చేతిలోకి రాగానే బొటనవేళ్లు వాటంతటవే తమ చోట్లలోకి వెళ్లిపోయాయి. ఇక్కడే ఈ రకం పెట్టెల అసలు పరీక్ష ఉందని నా అభిప్రాయం. మారియోను గొయ్యి అంచుదాకా పరుగెత్తించి ఎగిరించడంలో ఉన్న సుఖమంతా వేలు నొక్కిన క్షణానికీ తెర మీద వాడు లేచిన క్షణానికీ మధ్య ఖాళీ లేకపోవడంలోనే ఉంది. పాత యంత్రం, పాత పిక్చర్ ట్యూబు కలిసినప్పుడు ఆ ఖాళీ దాదాపు ఉండేది కాదు. ఇప్పటి పలకటీవీ వచ్చిన బొమ్మను తన పద్ధతిలో సాపుచేసి, మెరుగులు దిద్ది, అప్పుడు గానీ చూపించదు, అందుకు కొంత సమయం తీసుకుంటుంది. ఆ పైన పెట్టెలోని సాఫ్ట్‌వేర్ నాసిరకమైతే మరికొంత ఆలస్యం కలుస్తుంది. ఆట సెకనుకు 60 చిత్రాల లెక్కన నడుస్తుంది కాబట్టి నాలుగైదు చిత్రాల ఆలస్యం చాలు, మనిషి తన చేతివాటం పోయిందనుకోవడానికి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అనేది ఒకటుంటుంది. దాన్ని పెట్టగానే మెరుగులు దిద్దే పనులు చాలావరకు ఆగిపోతాయి. ఆ సంక్రాంతికి మొదటి సాయంత్రం మేమంతా మా వయసును తిట్టుకుంటుంటే, అన్నయ్య కొడుకు నోరు మెదపకుండా టీవీ రిమోట్ తీసుకుని ఆ మోడ్ మార్చాడు. ఆ తరువాత గోతుల్లో పడటం తగ్గింది.

బొమ్మ ఆకారం సంగతి కూడా చూడాలి. ఆ ఆటల చిత్రం అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 చుక్కలు, అదీ నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉండే పాత టీవీ కోసం వేసినది. ఎన్ఈఎస్ క్లాసిక్‌లో దాన్ని పాత నిష్పత్తిలోనే చూపే పద్ధతి, చుక్కకు చుక్క చతురస్రంగా చూపే పద్ధతి, పాత టీవీ గీతలతో మసకగా చూపే పద్ధతి అని మూడున్నాయి. మూడోదాన్ని చూసి మా వాళ్లంతా ముచ్చటపడ్డారు గానీ, పది నిమిషాలకు కళ్లు లాగుతున్నాయని మొదటి పద్ధతికి మార్చుకున్నారు. చవక పెట్టెలు చాలావరకు ఈ జాగ్రత్తలేవీ తీసుకోకుండా బొమ్మను తెర మొత్తానికి అడ్డంగా సాగదీస్తాయి. అప్పుడు మారియో పొట్టిగా, లావుగా, పక్కింటి పెళ్లిలో వడ్డన చేసే మావయ్యలా తయారవుతాడు.

శబ్దం విషయంలో నాకొక వింత అనుభవం ఎదురైంది. అసలు పెట్టెలో మారియో పాట మొదలైనప్పుడు అది నా చెవికి తప్పుగా వినిపించింది. ఏ స్వరమూ మారలేదు, కానీ ఆ గొంతు వేరు. అన్నయ్యకు అలా అనిపించలేదు, ఎందుకంటే అతను అమెరికాలో విద్యార్థిగా ఉన్నప్పుడే అసలు యంత్రం మీద ఆడాడు. కారణం తరువాత తెలిసింది. ఆ యంత్రంలో ధ్వనికి రెండు చతురస్ర తరంగాల గొంతులు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద, కొద్దిపాటి రికార్డు శబ్దాలకు ఇంకొకటి, మొత్తం అయిదు దారులున్నాయి. చతురస్ర తరంగంలో ఎంతసేపు పైన, ఎంతసేపు కింద ఉండాలన్న నిష్పత్తిని బట్టి ఆ గొంతు సన్నగానో గుల్లగానో పలుకుతుంది. నకలు చిప్‌లు కొన్నిటిలో ఈ నిష్పత్తులలో రెండు తారుమారయ్యాయి. అంటే సగంగా ఉండవలసినచోట పావు, పావుగా ఉండవలసినచోట సగం. మేము ఏళ్ల తరబడి విని గుండెల్లో దాచుకున్నది ఆ తారుమారైన గొంతునే. బాల్యాన్ని తిరిగి ఇస్తామని అమ్మే వస్తువు ఎంత నిక్కచ్చిగా ఉంటే నా బాల్యానికి అంత దూరంగా ఉంటుందన్న మాట. ఇలాంటి చిక్కు ఒసాకాలోనో షికాగోలోనో పెరిగినవాడికి రాదు.

ఆటల ఎంపికలో ఆ చిక్కు ఇంకా పెద్దది. ఎన్ఈఎస్ క్లాసిక్‌లోని 30 ఆటలు అమెరికా పిల్లల జ్ఞాపకాల నుంచి ఏరినవి. మారియో మూడు భాగాలూ ఉన్నాయి, ఐస్ క్లైంబర్ ఉంది, ఎక్సైట్‌బైక్ ఉంది, ప్యాక్‌మ్యాన్ ఉంది, బెలూన్ ఫైట్ ఉంది. జెల్డా, మెట్రాయిడ్, ఫైనల్ ఫాంటసీ వంటివి ఆ దేశాలవారికి ప్రాణం, మన వీధుల్లో మాత్రం వాటి పేరెత్తినవారు నాకు తెలిసి లేరు. ఆ క్యాసెట్లు ఖరీదైనవి, పైగా అవి రోజుల తరబడి సాగే ఆటలు కాబట్టి ఆపినచోటు గుర్తుపెట్టుకోవడానికి కొన్నిటికి క్యాసెట్‌లోనే బ్యాటరీ ఉండేది, ఇన్ని ఆటలను ఒకచోట కుక్కే నకలు క్యాసెట్లకు అవి పనికిరావు. మన పట్టీలో ఉన్నవన్నీ స్విచ్ వేయగానే మొదలై, ఓడిపోగానే పక్కవాడికి రిమోట్ ఇచ్చేయదగిన ఆటలు. కాంట్రా, ట్యాంకుల ఆట, సింహం మీద కుర్రవాడు నిప్పు చక్రాల్లోంచి దూకే సర్కస్ ఆట, కార్లు గుద్దుకోకుండా పోవాల్సిన రోడ్ ఫైటర్, గొడ్డలి విసురుతూ పళ్లు తింటూ పరుగెత్తే దీవి కుర్రవాడు, తుపాకీతో బాతులను కొట్టే ఆట. ఈ ఆరింటిలో ఒక్కటీ ఆ 30లో లేదు. కాంట్రా బదులు దాని తరువాతి భాగం సూపర్ సీ పెట్టారు. మంచి ఆటే, కానీ మొదటి భాగంలోని జలపాతం అందులో లేదు.

కాంట్రా లేకపోవడం మా సంక్రాంతి సభలో పెద్ద నిరాశ. 1988లో ఆ యంత్రానికి వచ్చిన ఈ ఆటలో ఇద్దరు పక్కపక్కనే నడుస్తూ కాల్చాలి, తలా మూడు లైఫులు, ఒక్క గుండు తగిలితే ఒక లైఫు పోతుంది. మొదటి పేజీలో పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అని నొక్కితే 30 లైఫులు వస్తాయి. ఈ కిటుకును కొనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హాషిమోటో అంతకు ముందే గ్రాడియస్ అనే ఆటను ఎన్ఈఎస్‌కు మలిచేటప్పుడు, తాను పరీక్షించుకోవడానికి మరీ కష్టంగా ఉందని పెట్టుకున్నాడు, తీయడం మరిచి విడుదల చేశారు. ఇంటర్నెట్ లేని కాలంలో అది తెనాలి దాకా ఎవరి నోట చేరిందో చెప్పలేను గానీ, మా వీధిలో దాన్ని తెలిసినవాడి మాటకు ఒక బరువుండేది. జలపాతం లెవెల్‌లో ముందు ఎక్కినవాడు తెరను పైకి లాగేస్తే కింద మిగిలినవాడు చచ్చిపోతాడు కాబట్టి, ఆ ఆటలో అన్నదమ్ముల గుణగణాలన్నీ బయటపడేవి. మా పిన్ని కొడుకు ఎప్పుడూ ఆగేవాడు కాదు.

బాతుల ఆట సంగతి వేరు, దాన్ని పెట్టాలన్నా కుదరదు. తుపాకీ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. తుపాకీ లోపల ఉన్న కన్ను ముందు నలుపును, ఆ తరువాత తెలుపును చూస్తేనే దెబ్బ తగిలినట్టు లెక్క. బల్బు వైపు గురిపెట్టి మోసం చేద్దామంటే ముందు నలుపు కనబడదు కాబట్టి పారదు. పిక్చర్ ట్యూబు బొమ్మను ఒక్కొక్క గీతగా, చెప్పిన సమయానికి చెప్పినచోట గీస్తుందన్న భరోసా మీద ఈ ఏర్పాటంతా నిలబడింది. పలకటీవీ ఆ సమయాన్ని పాటించదు, ఆ వెలుగు పద్ధతీ వేరు, అందుకే పాత తుపాకీ దాని ముందు ఒట్టి ప్లాస్టిక్ ముక్క. ఇప్పటికీ కొన్ని చవక పెట్టెలతో తుపాకీ ఇస్తున్నారు. ఇంట్లో పాత టీవీ ఉంటే తప్ప దాని కోసం డబ్బు పెట్టకండి. చెప్పడం మరిచాను, ఒక్క బాతు వచ్చే రకంలో రెండో రిమోట్‌తో ఆ బాతును నడిపించవచ్చు. ఒకరు గురిచూస్తుంటే పక్కవారు తప్పించుకోవచ్చు. ఈ ముక్క చిన్నప్పుడు తెలిసి ఉంటే మా ఇంట్లో గొడవలు ఇంకో రెట్టింపయ్యేవి.

అంటే మన బాల్యం 620 ఆటల పెట్టెలోనే ఉందన్నమాట, అసలు కంపెనీ పెట్టెలో లేదు. ఆ మాట నిజమేనని ఒప్పుకుని నేనూ ఒకటి కొన్నాను, కోఠి గుజరాతీ గల్లీలో. దుకాణదారు, "తీసుకోండి సార్, కంపెనీ పీసే" అన్నాడు, ఏ కంపెనీ అని నేనడగలేదు, అతను చెప్పలేదు. అందులో కాంట్రా ఉంది, సర్కస్ ఉంది, ట్యాంకులు ఉన్నాయి. రిమోట్ మీది కూడిక గుర్తు మాత్రం ఎడమకు నొక్కితే అప్పుడప్పుడు పైకి పలుకుతుంది. పదిరోజుల్లో రెండో రిమోట్‌లో ఒక బటన్ లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. పట్టీలో సగం దాకా ఉన్నవి పాత ఆటలకే తలలు మార్చిన బొమ్మలు. ఆటలు తయారు చేసినవారికి ఆ డబ్బులో పైసా చేరదన్నది ఇంకో సంగతి, అది మనసులో ఒక మూల గుచ్చుతూనే ఉంటుంది.

పేరున్న కంపెనీ చేస్తే చాలు, బాగానే ఉంటుందనుకోవడానికి కూడా లేదు. సోనీ 2018 డిసెంబరు 3న 100 డాలర్లకు తెచ్చిన, తన పాత ప్లేస్టేషన్ యంత్రానికి బుల్లి రూపమైన ప్లేస్టేషన్ క్లాసిక్ అందుకు సాక్ష్యం. 20 ఆటల్లో కొన్నిటికి ఐరోపా టీవీల కోసం చేసిన, సెకనుకు 50 చిత్రాల లెక్కన నడిచే రూపాలను పెట్టారు. టెక్కెన్ 3 వంటి కొట్లాట ఆట ఆ లెక్కన నీరసంగా నడిచింది. ఆ ఆటను మన ఊరి గేమ్ పార్లర్లలో గంటకింత అని కట్టి ఆడినవారు తెర చూడగానే పట్టేస్తారు. కొన్ని వారాల్లోనే దుకాణాలవారు దాని ధర సగానికి దగ్గరగా తగ్గించారు. దానికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 2019 సెప్టెంబరులో వచ్చిన మెగా డ్రైవ్ మినీ, సెగా అనే కంపెనీ పాత యంత్రానికి బుల్లి రూపం. పాత ఆటలను కొత్త యంత్రాలకు మలచడంలో చేయి తిరిగిన ఎం2 అనే జపాన్ సంస్థకు ఆ పని అప్పగించారు. 42 ఆటలు, ఏరిన తీరు చూస్తే కూర్చుని ఆడినవారే ఏరారని తెలుస్తుంది. యంత్రం భాష మారిస్తే ఆయా దేశాల్లో విడుదలైన రూపాలే తెరుచుకుంటాయి. 1990లలో షా వాలెస్ కంపెనీ సెగా యంత్రాలను మన దేశంలో అమ్మింది కాబట్టి, హైదరాబాదులో డబ్బున్న బంధువులున్నవారికి సెగా ఆటల్లోని సోనిక్ కూడా చిన్ననాటి నేస్తమే. నాకు అలాంటి బంధువులు లేరు, అయినా ఆ పెట్టె నచ్చింది.

నా దగ్గర ఇప్పుడు రెండు రకాలూ ఉన్నాయి. దూకే ఆటలన్నిటికీ అసలు పెట్టె. దానిలో ఒక్కో ఆటకు నాలుగు చోట్ల ఆపిన స్థితిని దాచుకోవచ్చు కాబట్టి, చిన్నప్పుడు కరెంటు పోయి ఆగిపోయిన మారియో మూడో భాగాన్ని ఇన్నాళ్లకు చివరిదాకా చూశాను, మా ఆవిడ మాత్రం దాన్ని గెలుపుగా లెక్కవేయనంటుంది. ట్యాంకులకు గుజరాతీ గల్లీ పెట్టె, అదీ రిమోట్‌లు మార్చించాక. 1985లో నామ్కో చేసిన ఆ ఆటలో 35 లెవెల్‌లున్నాయి, ఇటుక గోడల నడుమ మన స్థావరమైన గద్ద బొమ్మను కాపాడుకుంటూ శత్రు ట్యాంకులను కొట్టాలి, ఇద్దరు కలిసి ఆడవచ్చు. తోటివాడి గుండు తగిలితే మన ట్యాంకు చావదు గానీ కాసేపు కదలకుండా నిలిచిపోతుంది. మా చెల్లెలి కూతురికి ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ శత్రువుల మీద ఆసక్తి పోయింది. "మావయ్యా, పొరపాటున తగిలింది" అంటూనే ఉంటుంది, నేను కదలలేనప్పుడు శత్రువులొచ్చి గద్దను పేల్చేసి పోతూనే ఉంటారు.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను ముందు చూడమనేది రెండో రిమోట్ ఉందా అని. ఎన్ఈఎస్ క్లాసిక్ అట్టపెట్టెలో ఒక్కటే ఇచ్చేవారు, రెండోది విడిగా కొనాలి. సూపర్ నింటెండో పెట్టెలోనూ, మెగా డ్రైవ్ మినీ అమెరికా పెట్టెలోనూ రెండూ ఉంటాయి. నింటెండో పెట్టెల తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవి చేతులు మారినవో, దొంగ నకళ్లో అయి ఉంటాయి. తగిలించి చూడనిచ్చేవారి దగ్గరే కొని, మారియోను మొదటి గొయ్యి దాకా పరుగెత్తించి ఎగిరించి చూసి, అప్పుడు డబ్బు చేతిలో పెట్టండి.